రిజిస్ట్రేషన్ వేసిన స్పీడ్ పోస్ట్: ఒక వకీలు గుమాస్తా రివ్యూ

నాంపల్లి కోర్టుల దగ్గర ఒక వకీలు గారి చాంబర్లో 27 ఏళ్లుగా గుమాస్తాగా పనిచేస్తున్నాను. చాంబర్ అదే, కుర్చీ అదే. కుర్చీకి మాత్రం రెండుసార్లు కొత్త వైరు అల్లించాం. నా పనిలో సగం కోర్టులో, మిగతా సగం పోస్టాఫీసు కౌంటర్ ముందు. ఫోన్లకి, బైకులకి, బిర్యానీలకి అందరూ రివ్యూలు రాస్తున్నారు. నేను రోజూ డబ్బు పెట్టి కొనే ఈ సర్వీసు గురించి రాసినవాళ్లెవరూ నాకు కనపడలేదు కాబట్టి నేనే రాస్తున్నాను.

2025 సెప్టెంబర్ 1 నుంచి తపాలా శాఖ రిజిస్టర్ పోస్ట్‌ని స్పీడ్ పోస్ట్‌లో కలిపేసింది. ఇప్పుడు కౌంటర్లో రిజిస్టర్ పోస్ట్ అని విడిగా దొరకదు. స్పీడ్ పోస్ట్ చేసి, దానిమీద 'రిజిస్ట్రేషన్' అని ఇంకో సేవ అదనంగా వేయించుకోవాలి. ఆ రోజు సోమవారం. దానికి ముందు శనివారం మా సారు నన్ను అన్నం కూడా తిననివ్వలేదు. "ఆ రెండు నోటీసులు ఇవాళే రిజిస్టర్ చేసెయ్, సోమవారం నుంచి ఏం మారుస్తారో ఏమో" అని తరిమారు. వినాయక చవితి వెళ్లి మూడు రోజులైంది, సందుకో మండపం, మండపానికో మైకు. కవర్లు చంకలో పెట్టుకుని ఆ జనంలోంచి వెళ్లి నా ఆఖరి ఆర్‌పీఏడీలు రెండూ చేసి వచ్చాను. కౌంటర్లో మేడమ్ ఎప్పటిలాగే రసీదు చింపి ఇచ్చింది. ఏదో అయిపోయినట్టు నాకు అనిపించింది గానీ, ఆమెకి అది మామూలు శనివారమే.

ఆర్‌పీఏడీ అంటే కోర్టు గొడవలు లేని అదృష్టవంతులకి తెలియకపోవచ్చు. రిజిస్టర్ పోస్ట్‌కి ఏడీ కార్డు అని ఒక అట్ట కార్డు తగిలించి పంపేవాళ్లం. కవరు తీసుకున్న మనిషి ఆ కార్డు మీద సంతకం చేస్తే, కార్డు తిరిగి మా దగ్గరికి వచ్చేది. ఆ కార్డుని ఫైల్లో కుట్టేసుకుంటే సారుకి సగం నిశ్చింత.

మా పనికి ఉత్తరం చేరడం ఎంత ముఖ్యమో, చేరిందని చూపించగలగడం అంతకంటే ముఖ్యం. చెక్ బౌన్స్ కేసే తీసుకోండి. చెక్కు తిరిగొచ్చిందని బ్యాంకు చెప్పిన 30 రోజుల్లో నోటీసు ఇవ్వాలి. అది అందాక డబ్బు కట్టడానికి అవతలి పార్టీకి 15 రోజులు గడువు. కట్టకపోతే ఆ తర్వాత నెలలోపు కేసు వెయ్యాలి. ఈ తేదీల లెక్కంతా కవరు అతని చేతికి ఏ రోజు వెళ్లిందన్న దాని మీదే నిలబడుతుంది. తీసుకోకుండా తిప్పి పంపినా మాకేం నష్టం లేదు. సరైన అడ్రసు రాసి, డబ్బు కట్టి రిజిస్టర్ చేసిన కవరు అందినట్టే లెక్క అని 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టం 27వ సెక్షన్ చెబుతుంది. చెక్కు కేసుల నోటీసులకీ అదే లెక్క అని 2007లో సుప్రీంకోర్టు కూడా అన్నది. అందుకే 'రెఫ్యూజ్డ్' అనో 'డోర్ లాక్డ్' అనో రాసి వెనక్కి వచ్చిన కవర్లని మేం విప్పం. అంటించింది అంటించినట్టే కోర్టులో దాఖలు చేస్తాం. ఒకసారి కొత్తగా చేరిన జూనియర్ ఒకాయన తిరిగొచ్చిన కవరుని ఆతృత కొద్దీ చింపేశాడు. ఆ సాయంత్రం సారు మాట్లాడిన భాష నేనిక్కడ రాయలేను.

అందువల్ల రిజిస్టర్ పోస్ట్ తీసేస్తున్నారని పేపర్లో చదివినప్పుడు నాకు నిజంగానే టెన్షన్ పట్టుకుంది. ఇన్ని నెలలు వాడాక చెబుతున్నాను: సేవ పోలేదు, పేరు పోయింది. పేరు పోవడంలో ఒక నష్టం ఉంది, ఒక విచిత్రమైన లాభం కూడా ఉంది.

నష్టం ముందు చెబుతాను. 'రిజిస్టర్ నోటీసు' అన్న మాటకి మన జనంలో ఒక బరువు ఉండేది. దిల్‌సుఖ్‌నగర్లో హాస్టల్ పిల్లలకి మెస్ నడిపే ఒకామె మా క్లయింటు. షాపు ఖాళీ చేసి ఏడాదైనా ఓనరు అడ్వాన్సు తిరిగి ఇవ్వలేదు. ఆమె వచ్చి "కేసు గీసు వద్దన్నా, ఒక రిజిష్టర్ కొట్టు చాలు" అంది. కొట్టాం. వారంలో ఓనరు తనే ఫోన్ చేశాడు. అందులో చట్టం చేసింది కొంతే, మిగతాదంతా ఆ పేరు చేసిన పని. ఇప్పుడు ఆమెకి "స్పీడ్ పోస్ట్ విత్ రిజిస్ట్రేషన్ చేద్దాం అమ్మా" అంటే, పార్సిల్ పంపిస్తున్నామనుకుంటుంది.

ఇక లాభం. రిజిస్టర్ కవరు అనగానే అది కోర్టుదో బ్యాంకుదో అయ్యుంటుందని అవతలివాళ్లకి తెలిసిపోయేది. పోస్టాయన గేటు దగ్గర ఆ మాట అనగానే "సార్ ఊళ్లో లేరు" అనే జవాబు సిద్ధం. స్పీడ్ పోస్ట్ అంటే అలా కాదు. మన పాస్‌పోర్టు స్పీడ్ పోస్ట్‌లోనే వస్తుంది, బ్యాంకు కార్డులు వస్తాయి, పిల్లల సర్టిఫికెట్లు వస్తాయి. అందుకని మంచిదేదో వచ్చిందనుకుని చెయ్యి చాపుతున్నారు. నా డిస్పాచ్ పుస్తకంలో ఒక పెద్దమనిషి ఉన్నాడు. మూడేళ్లలో మూడు ఆర్‌పీఏడీలు వెనక్కి కొట్టాడు. అక్టోబర్లో పంపిన స్పీడ్ పోస్ట్‌ని రెండో రోజే సంతకం పెట్టి తీసుకున్నాడు. ట్రాకింగ్‌లో 'డెలివర్డ్' అని చూపించగానే మా సారు కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూశారు. ఈ పిచ్చి ఎన్నాళ్లు సాగుతుందో చెప్పలేను. జనం తెలివిమీరిపోతే అదీ అయిపోతుంది.

ఇప్పుడు ధర. ఇక్కడ కొంచెం ఓపిగ్గా చదవండి, ఎందుకంటే ఈ లెక్క మొదట నాక్కూడా తప్పింది.

పాత రిజిస్టర్ పోస్ట్‌కి 20 గ్రాముల దాకా తపాలా ఖర్చు 5 రూపాయలు, రిజిస్ట్రేషన్ 17, జీఎస్టీ కలిపితే 25.96. ఆ పైన ప్రతి 20 గ్రాములకి ఇంకో 5. మా నోటీసు మూడు పేజీలుంటుంది, కవరుతో కలిపి 20 దాటుతుంది కాబట్టి 31.86 పడేది. ఏడీ కార్డు ఖర్చు పక్కన పెట్టి చెబుతున్నాను. స్పీడ్ పోస్ట్ కొత్త రేట్లు 2025 అక్టోబర్ 1న వచ్చాయి. 50 గ్రాముల దాకా ఊళ్లోనే అయితే 19 రూపాయలు, ఊరు దాటితే ఎక్కడికైనా 47. రిజిస్ట్రేషన్‌కి 5, ఆపైన 18 శాతం జీఎస్టీ. అంటే నాంపల్లి నుంచి అమీర్‌పేటకి 28.32, నాంపల్లి నుంచి వరంగల్‌కి 61.36.

చూశారా? నగరంలో నోటీసు ఖర్చు మాకు పాతదాని కంటే తగ్గింది. రేట్లు పెరిగాయని అందరూ గోల పెడుతున్నప్పుడు నేనూ వాళ్లతో కలిసి గోల పెట్టాను, తీరా రసీదులు పక్కపక్కన పెట్టి చూస్తే తక్కువే. జిరాక్సులు జతచేసి 50 గ్రాములు దాటినా, 250 దాకా ఊళ్లో 24 రూపాయలే, అన్నీ కలిపి 34.22. హైదరాబాద్ లోపల హైదరాబాద్ వాళ్లతోనే గొడవలున్నవాళ్లకి ఇంతకంటే చవకైన సాక్ష్యం ఇంకెక్కడా దొరకదు.

ఊరు దాటితే కథ మారుతుంది. వరంగల్‌కీ ఢిల్లీకీ అదే 61.36. పాతదానికి దాదాపు రెట్టింపు. 50 గ్రాములు దాటితే దూరాన్ని బట్టి 59 నుంచి 77 దాకా, మళ్లీ దానిమీద రిజిస్ట్రేషన్, జీఎస్టీ. నా అసలు ఫిర్యాదు ఇదే. నాకు కావాల్సింది సాక్ష్యం. కవరు రెండు రోజుల్లో చేరినా ఆరు రోజుల్లో చేరినా, 30 రోజుల్లోపు పంపితే చాలు. పాత పద్ధతిలో సాక్ష్యాన్ని ఒక్కదాన్నే కొనుక్కునే వీలుండేది, నెమ్మదిగా వెళ్లేది, చవగ్గా వెళ్లేది. ఇప్పుడు వేగం కొంటేనే సాక్ష్యం ఇస్తారు. ఉప్పు ప్యాకెట్ కోసం వెళ్తే పప్పు కూడా తీసుకుంటేనే ఇస్తాననే కొట్టువాడి బేరం ఇది. దీని దెబ్బ వకీళ్లకి తగలదు, బిల్లులో వేసుకుంటారు. సమాచార హక్కు కింద కేంద్ర ప్రభుత్వ ఆఫీసుకి దరఖాస్తు పెట్టే మనిషిని చూడండి. దరఖాస్తు ఫీజు 10 రూపాయలు. అది ఢిల్లీకి చేరిందని రుజువు ఉంచుకోవాలంటే దానికి ఆరు రెట్లు కవరుకే పెట్టాలి.

శాఖ వైపు లెక్క కూడా చెప్పాలి కదా. రిజిస్టర్ ఉత్తరాలు 2011-12లో 24.44 కోట్లుంటే 2019-20కి 18.46 కోట్లకి పడిపోయాయి. ఒకే దారిలో రెండు రకాల సంచులు నడపడం దండగ అనుకున్నారు. స్పీడ్ పోస్ట్ 1986లో పుట్టింది, దాని రేట్లు 2012 తర్వాత 2025 దాకా పెంచలేదు. పదమూడేళ్లు ఒకే ధర అంటే టీ కొట్టువాడు కూడా నమ్మడు. కాబట్టి పెంచారని నాకు కోపం లేదు. జిల్లాలకి నెమ్మది సర్వీసు ఒకటి చవగ్గా ఉంచితే వాళ్ల సొమ్మేం పోయేదన్నదే నా బాధ. విద్యార్థులకి స్పీడ్ పోస్ట్‌లో 10 శాతం తగ్గింపు ఇచ్చారు, బాగుంది. భూమి వాటా కోసం అన్నకి నోటీసు పంపే తమ్ముడికి ఏ తగ్గింపూ లేదు.

నేను చేసిన తప్పు ఒకటి చెబుతాను, మీరు చెయ్యకండి. సెప్టెంబర్ రెండో వారంలో హడావిడిలో కౌంటర్లో "స్పీడ్ పోస్ట్" అని మాత్రమే అన్నాను. వాళ్లు అదే చేశారు, తప్పు వాళ్లది కాదు. కవరు ఒక అపార్ట్‌మెంట్‌కి వెళ్లి వాచ్‌మన్ చేతిలో పడింది. మామూలు స్పీడ్ పోస్ట్‌ని ఆ అడ్రసులో ఉన్నవాళ్లెవరైనా తీసుకోవచ్చు. రిజిస్ట్రేషన్ వేస్తేనే పేరున్న మనిషికి గానీ, అతను రాసిచ్చిన మనిషికి గానీ ఇస్తారు. అవతలి వకీలు "మా క్లయింటుకి అందలేదు, వాచ్‌మన్ ఎవరో మాకు తెలీదు" అంటాడని సారు అప్పుడే పసిగట్టారు. లెక్క చూస్తే 30 రోజుల గడువులో 28వ రోజు. మళ్లీ టైపు, మళ్లీ సంతకం, మళ్లీ పరుగు. ఆ రోజు నుంచి కవరు అంచున పెన్సిల్‌తో 'రి' అని రాసుకుంటున్నాను, కౌంటర్లో మర్చిపోకుండా.

ఓటీపీ డెలివరీ అని ఇంకో సేవ పెట్టారు, 5 రూపాయలే. తీసుకునేవాళ్ల ఫోన్‌కి ఓటీపీ వస్తే, అది చెబితేనే కవరు ఇస్తారు. పాస్‌పోర్టుకి, నగల పార్సిల్‌కి భేషైన ఏర్పాటు. మా పనికి మాత్రం పనికిరాదు. అప్పు ఎగ్గొట్టి మా ఫోన్ ఎత్తనివాడు పోస్టాయనకి ఓటీపీ చెబుతాడా?

ట్రాకింగ్ సంగతి చెప్పకపోతే అన్యాయం. రసీదు మీద 13 అక్షరాల నంబరు ఉంటుంది, స్పీడ్ పోస్ట్‌కి 'ఇ'తో మొదలై 'ఐఎన్'తో ముగుస్తుంది. దాన్ని ఫోన్‌లో కొడితే కవరు ఏ ఊళ్లో ఉందో, ఎన్ని గంటలకి డెలివరీకి బయల్దేరిందో కనపడుతుంది. రిజిస్టర్ పోస్ట్‌కీ ట్రాకింగ్ ఉండేది గానీ, నిజం చెప్పాలంటే మేం కార్డు కోసం ఎదురుచూడటానికే అలవాటు పడ్డాం. ఇప్పుడు క్లయింట్లే రోజుకి నాలుగుసార్లు చూసుకుని "అన్నా, కరీంనగర్‌లో దిగింది" అని నాకు ఫోన్ చేసి చెబుతున్నారు. క్రికెట్ స్కోరులా అయిపోయింది. నా పుస్తకం ప్రకారం ఊళ్లో చాలావరకు మర్నాడో రెండో రోజో చేరుతున్నాయి, జిల్లాలకి రెండు మూడు రోజులు. డబ్బు ఫోన్‌తో కట్టొచ్చు కాబట్టి చిల్లర కోసం పక్కనున్న పాన్ డబ్బా వాడిని బతిమాలే పని తప్పింది.

అడ్రసు రాయడంలో జాగ్రత్త పూర్తిగా మనదే. హైదరాబాద్ ఇంటి నంబర్ల సంగతి మీకు తెలిసిందే. మూడు అంకెలు, మధ్యలో గీతలు, తర్వాత బై ఏ, బై వన్, దాని పక్కింటి నంబరుకీ దీనికీ చుట్టరికం ఉండదు. పిన్ కోడ్ ఒక్కటే దిక్కు. నేను ఏళ్లతరబడి కూకట్‌పల్లి అనగానే కళ్లు మూసుకుని 500072 రాసేవాణ్ణి. ఒక నోటీసు జేఎన్‌టీయూ వైపుకి అలాగే పంపాను, అక్కడ 500085 అని తర్వాత తెలిసింది. కవరు చుట్టూ తిరిగి చేరింది గానీ నాకు రెండు రాత్రులు నిద్ర లేదు. పిన్ కోడ్ 1972 ఆగస్టు 15న మొదలైంది. నాకంటే పెద్దగా వయసు తేడా లేని దాన్ని నేను ఇంకా సరిగ్గా నేర్చుకోలేదన్నమాట.

2025 మేలో డిజిపిన్ అని ఇంకోటి తెచ్చారు. దేశం మొత్తాన్ని నాలుగు మీటర్ల గళ్లుగా కోసి, ఒక్కో గడికి పది అక్షరాల కోడ్ ఇచ్చారు. తయారుచేసినవాళ్లలో మనవాళ్లే ఉన్నారు, ఐఐటీ హైదరాబాద్, బాలానగర్‌లో ఇస్రో వాళ్ల ఎన్ఆర్‌ఎస్‌సీ. మా బస్తీ ఇళ్లకి ఇది వరమే. నోటీసు మీద వేసి పంపుదామంటే సారు ఒప్పుకోలేదు. "ముందు జడ్జి గారి ఇంటికి అది అలవాటు కానీ" అన్నారు.

ప్రైవేటు కొరియర్ ఎందుకు వాడరని కొందరు అడుగుతారు. సమన్లకైతే హైకోర్టు ఆమోదించిన కొరియర్లు వాడొచ్చని సివిల్ ప్రొసీజర్ కోడ్‌లోనే ఉంది. మేమూ నోటీసుకి ఒకసారి ప్రయత్నించాం. కంపెనీ పేరు వద్దులెండి. అబ్బాయి గేటు దాకా వెళ్లి ఫోన్ చేస్తే, అవతలివాడు "ఊళ్లో లేను" అన్నాడు, అబ్బాయి వెనక్కి వచ్చేశాడు. కాగితం మీద ఎవరు ఏం అన్నారో ఒక్క ముక్క లేదు. పోస్టాయన 'రెఫ్యూజ్డ్' అని రాసి సంతకం పెడితే ఆ ఒక్క మాటకి కోర్టులో ఉండే విలువ వేరు. ఈ ఒక్కదాని కోసమే నేను ఎర్ర డబ్బావాళ్లని వదలను.

మీకు పనుంటే ఒక మాట. ఎంత పెద్ద పని అయినా అబిడ్స్ పెద్ద పోస్టాఫీసుకే, అంటే జీపీఓకే వెళ్లాలన్న నియమం లేదు, ఇంటి దగ్గర పోస్టాఫీసు చాలు. నేను మాత్రం వీలైతే జీపీఓకే వెళ్తాను. 500001 ముద్ర పడితే కవరుకి ఏదో ఠీవి వస్తుందని నా నమ్మకం. నిజాం రాజ్యానికి 1869 నుంచి సొంత స్టాంపులుండేవి, 1950లో ఆ తపాలా మొత్తం భారత తపాలాలో కలిసిపోయింది. అది కలిసినప్పుడు కూడా నాలాంటి గుమాస్తా ఎవడో కంగారు పడే ఉంటాడు.

ఐదింటికి నా మార్కులు: నగరంలో నాలుగున్నర, జిల్లాలకి మూడు. రసీదుకి రెండు, ఎందుకంటే ఏటీఎం చీటీలాగే ప్రింటు కొన్నాళ్లకి వెలిసిపోతుంది. తీసుకున్న రోజే జిరాక్స్ తీయించండి.

పోయిన వారం నల్లగొండ వైపు నుంచి ఒక పెద్దాయన వచ్చాడు, తమ్ముడికి నోటీసు. కౌంటర్ దాకా నాతోపాటే వచ్చి నిలబడ్డాడు. "రిజిష్టరే గదా సారూ?" అని మూడుసార్లు అడిగాడు. రసీదులో రిజిస్ట్రేషన్ అని ఉన్న చోట వేలు పెట్టి చూపించాను. మడిచి బనియన్ జేబులో పెట్టేసుకున్నాడు. "చెమటకి అక్షరాలు పోతయి పెద్దాయనా, జిరాక్స్ తీయించు" అంటే, సరేనని పక్క షాపులో తీయించి, జిరాక్స్ నా చేతిలో పెట్టి అసలుది మళ్లీ బనియన్‌లో దోపుకున్నాడు. ఫైల్‌కి అసలుదే కావాలని నచ్చజెప్పడానికి నాకు ఇంకో పావుగంట పట్టింది.